ఆదివారం తరవాత ఆరు రోజులు

మెడలో శిలువ, ఆటో వెనక వాక్యం, డిసెంబరులో డాబా మీద నక్షత్రం... ఇవి కంటికి కనపడే గుర్తులు. సోమవారం నుంచి శనివారం దాకా అదే విశ్వాసం వంటింట్లో, పొలంలో, ఆసుపత్రి వార్డులో, సర్కారు దరఖాస్తులో ఎలా బతుకుతోంది? తెలుగు క్రైస్తవుల రోజువారీ జీవితంపై ముఖచిత్ర కథనం.

తెల్లవారుజామున అయిదు గంటలు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఆమె సోలతో బియ్యం కొలిచి చేటలో పోసుకుంది. రాళ్లు ఏరింది. కడగబోతూ ఆగి, చేటలోంచి ఓ పిడికెడు తీసింది. గూట్లో ఉన్న పాత హార్లిక్స్ సీసాలో పోసి మూత బిగించింది. కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. మళ్లీ పనిలో పడిపోయింది.

ఆ పిడికెడు మిగిలిన బియ్యంలోంచి తీసింది కాదు. ఆ పూట ఇంటిల్లిపాదీ తినాల్సిన దాంట్లోంచి తీసింది. నెల తిరిగేసరికి సీసా నిండుతుంది. ఆదివారం పొద్దున్నే గుడ్డసంచిలో పోసుకుని మందిరానికి తీసుకెళ్తుంది. ప్రభువు బల్ల ముందు పరిచిన దుప్పట్లో గుమ్మరిస్తుంది. పక్కింటావిడ తెచ్చిన సన్నబియ్యం, ఎదురింటి ముసలమ్మ తెచ్చిన రేషన్ బియ్యం అన్నీ ఒక్క కుప్పయిపోతాయి. ఆరాధన ముగిశాక చెట్టుకింద వేలం. బియ్యం, ఓ సొరకాయ, అరడజను గుడ్లు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు. పాట పాడినవాళ్లలో సగంమంది మార్కెట్ ధర కంటే ఎక్కువే పెట్టి కొంటారు. ఆ డబ్బుతోనే పాస్టరు గారి జీతం, మందిరం కరెంటు బిల్లు, వాడలో ఎవరైనా పోతే పెట్టె ఖర్చు.

కోస్తాలోనూ తెలంగాణలోనూ పల్లె సంఘాల్లో తరాలుగా ఉన్న అలవాటు ఇది. దీనికి ఫ్లెక్సీ ఉండదు, మైకు ఉండదు. పొద్దున్నే అయిదింటికి వంటింట్లోకి వెళ్తే తప్ప ఎవరికీ కనపడదు.

ఇప్పుడీ ఇళ్లలో ఇంకో ముచ్చట నడుస్తోంది. జనగణన వస్తోంది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ అని కేంద్రం ప్రకటించింది. ఈసారి అందరి కులమూ రాసుకుంటారు. తెలంగాణలో 2024 నవంబరులో మొదలైన కులసర్వే అప్పుడే ఈ ఇళ్లలో ఓ విడత గుబులు పుట్టించింది. మనిషి గుమ్మంలో నిలబడి, కాగితం తీసి, మీ మతం ఏమిటని అడిగితే ఏం చెప్పాలి? ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిల్ సంచి చంకన పెట్టుకుని ఊరి నడుమ నుంచి నడిచి వెళ్లే మనిషి ఈ ప్రశ్న దగ్గర తడబడుతుంది. ఎందుకు తడబడాల్సి వచ్చిందో తెలియాలంటే నూట యాభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

మూడు కట్టుబాట్లు

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పని మొదలుపెట్టింది 1866లో. అదే ఏడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల పని చేసే మనిషి. అంతకుముందే దేవుడి కోసం, గురువుల కోసం వెతుకుతూ తిరిగినవాడు. ఆయన ఊరూరా తిరిగి చెప్పిన మాటలతో మాదిగ పల్లెలు కదిలాయి.

అలా కదిలిన పల్లెలకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. కాగితం మీద చూస్తే మూడు చిన్న మాటలు. ఆనాటి ఊళ్లో ఇవి ఎలాంటివో ఆలోచించండి.

గొడ్డు చస్తే ఈడ్చుకెళ్లాల్సింది మాదిగలు. జాతర వస్తే డప్పు కొట్టాల్సింది మాదిగలు. కోతలప్పుడు ఆసామి కబురు పెడితే ఏ వారమని అడక్కుండా కొడవలి పట్టుకుని వెళ్లాల్సిందీ వాళ్లే. ఊరి బతుకంతా వాళ్ల వెట్టి మీద నడుస్తోంది. అలాంటిది ఒకరోజు ఉన్నట్టుండి ఆదివారం రాము, డప్పు ముట్టం, కళేబరం మాకొద్దు అన్నారు. ఊరు ఊరుకుంటుందా? కొట్టారు. పనికి పిలవడం మానేశారు. నీళ్లకు దారి మూసేశారు. కొట్టువాడు ఉప్పు కూడా అమ్మనన్న పల్లెలున్నాయి.

ఈ పల్లెల్లో క్రైస్తవ విశ్వాసం మొట్టమొదట పదిమందికీ కనపడింది ఇలాగే. అప్పటికి చాలా పల్లెల్లో గుడి లేదు, గంట లేదు, చదవగలిగినవాళ్లు లేరు కాబట్టి చేతిలో పుస్తకమూ లేదు. ఆదివారం ఇంట్లో కూర్చున్న మనిషే అందరికీ కనపడిన గుర్తు. ఈ చరిత్ర రాసినవాళ్లు దొరల గురించి పేజీలకు పేజీలు రాశారు. ఆ మొదటి ఆదివారం పనికి వెళ్లకుండా, రేపు ఏం తినాలో తెలియకుండా గుడిసెలో కూర్చున్న ఆడమనిషి గురించి రెండు వాక్యాలు కూడా రాయలేదు. నా దృష్టిలో ఈ కథ ఆమెదే.

1876–78లో ధాత కరువు వచ్చింది. సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో వచ్చిన వేలమందికి పని ఇచ్చాడు. బోధకులే మేస్త్రీలు. మధ్యాహ్నం గంజి తాగే వేళ వాళ్లతో కూర్చుని మాట్లాడేవారు. అయితే కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు తీరాక 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు.

ఆపినా నింద ఆగలేదు. బియ్యం కోసం మతం మారారన్న మాట ఇవాళ్టికీ టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో వినబడుతూనే ఉంటుంది. ఆ నింద మోసినవాళ్ల మునిమనవరాళ్లే పొద్దున్నే అయిదింటికి లేచి పిడికెడు బియ్యం తీసి పక్కన పెడుతున్నారు.

> కరువులో లేచిన గుడి
> మెదక్ చర్చి పని 1914లో మొదలై పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కట్టించినవాడు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్. కరువు కాలంలో చుట్టుపక్కల కూలీలకు ఆ గుడి పనే తిండి పెట్టిందని మెదక్‌వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గంటస్తంభం ఎత్తు సుమారు 173 అడుగులు. రంగు అద్దాల కిటికీల్లో క్రీస్తు పుట్టుక, శిలువ, ఆరోహణం. 2024 క్రిస్మస్‌తో నూరేళ్లు నిండాయి.

డోర్నకల్ బిషప్ గారి బండి

ఖమ్మం నుంచి వరంగల్ వెళ్లే రైలెక్కితే డోర్నకల్ జంక్షన్ తగులుతుంది. టీ తాగడానికి దిగి ఎక్కేసేవాళ్లే ఎక్కువ. స్టేషన్ నుంచి కాస్త నడిస్తే మినార్లూ గుమ్మటాలూ ఉన్న ఓ కట్టడం. లోపల దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలు. మసీదూ గుడీ చర్చీ ఒకచోట కలిసినట్టుంటుంది. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్ అది. కట్టించింది వి.ఎస్. అజరయ్య.

అజరయ్య తమిళుడు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టాడు. తిరునెల్వేలి క్రైస్తవులు తమ డబ్బుతో నడుపుకునే ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడే ఉండిపోయాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే అక్కడ దొరల మొహం మీదే చెప్పాడు. మీ త్యాగాలకు భారతీయ సంఘం రుణపడి ఉంటుంది, కానీ మాక్కావలసింది స్నేహం అన్నాడు. ఒక్క బల్ల దగ్గర కూర్చుని తినని ప్రేమ ఎలాంటి ప్రేమ అన్నది ఆయన బాధ.

ఆయన పర్యటనలు చాలావరకు ఎడ్లబండి మీదే. ఊరికి చేరితే మాల మాదిగ గూడెంలోనే బస. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగింటినీ నాలుగు దయ్యాలుగా చూశాడు. వాటి మీద యుద్ధాన్ని బాప్తిస్మంతో సమానంగా చూశాడు. పల్లెబడులు, సహకార సంఘాలు, మందుల కేంద్రాలు పెట్టించాడు. 1930ల నడుమకు వచ్చేసరికి ఆయన కింద సుమారు 250 మంది అభిషిక్త పాదిర్లు, రెండు వేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు పనిచేస్తున్నారు.

అప్పుడే ఎవరూ ఊహించని సంగతి జరిగింది. డోర్నకల్ మేత్రాసనంలో శూద్ర కులాల వాళ్లు వేల సంఖ్యలో బాప్తిస్మానికి రావడం మొదలైంది. నిన్నటిదాకా గూడెం వైపు తొంగిచూడని వాళ్లు. వాళ్లను కదిలించింది ప్రసంగం కాదనీ, కళ్లముందే మారిన మాల మాదిగల బతుకనీ అజరయ్య పదేపదే చెప్పేవాడు. తాగి కొట్టుకునే పాలేరు తాగడం మానేశాడు. వాడి కూతురు పలక పట్టుకుని బడికెళ్తోంది. ఇల్లు అలికి ముగ్గు పెట్టినట్టుంది. ఆసామి రోజూ పొలానికెళ్తూ చూస్తున్నాడు. ఊరికి ఇంతకంటే పెద్ద సువార్త ఇంకేం కావాలి?

గాంధీజీకి ఈ సామూహిక మతమార్పిడులు నచ్చలేదు. అజరయ్యను నేరుగానే విమర్శించారు. ఇద్దరికీ చివరిదాకా పొసగలేదు. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూశాడు.

క్రైస్తవ వాడల్లో ఇప్పటికీ ఓ మాట తరచూ వినబడుతుంది. అప్పు తీసుకుని ఎగ్గొట్టినా, పెళ్లిలో తాగి గొడవ చేసినా, మడిగట్టు దగ్గర పక్కవాడితో తగూ పడినా పెద్దవాళ్లు "సాక్ష్యం చెడుతుంది నాయనా" అంటారు. డోర్నకల్ కాలం నుంచి వాడకు అలవాటైన లెక్క అది. ఊరు చూస్తోందన్న ఎరుక. మందు మానేసిన ఇంట్లో ఆ లెక్క మరీ తేటగా కనపడుతుంది. కూలి డబ్బులు సాయంత్రానికి ఇల్లు చేరతాయి. రెండేళ్లలో రేకుల షెడ్డు శ్లాబు అవుతుంది. పిల్లవాడు డిప్లొమాలో చేరతాడు. వాళ్లను అడిగితే ప్రభువు చేశాడంటారు. వాళ్ల ఇంటావిడ అప్పటిదాకా పెట్టిన ఉపవాస ప్రార్థనలు కూడా చెబుతారు. రెండూ నిజమే.

రెండు పేర్లు

ఇక చిక్కుముడి దగ్గరికి వద్దాం.

దేవదానం, ఆశీర్వాదం, కృపానందం, సువార్తమ్మ, కరుణమ్మ. ఒకప్పుడు ఈ పేర్లు వింటేనే ఎవరో తెలిసిపోయేది. వాడ పేరుతో, తిట్టుతో కలిపి పిలిపించుకున్న తరం పిల్లలకు పెట్టుకున్న పేర్లు. గౌరవం కోసం పెట్టుకున్నవి. ఇవాళ అవే ఇళ్లలో పిల్లలకు రెండు పేర్లు. మందిరంలో ఒకటి, బడి రిజిస్టరులో ఇంకొకటి. పాస్టరు గారు ప్రతిష్ఠ చేస్తూ పిలిచిన పేరు ఆధార్ కార్డులో ఉండదు.

కారణం అందరికీ తెలుసు. రాజ్యాంగం (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు, 1950. హిందూ మతం కాక వేరే మతం అవలంబించే వ్యక్తిని ఎస్సీగా పరిగణించరాదని దాని మూడో పేరా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మతం మారితే కులం పోతుందన్నది దాని వెనక ఉన్న తర్కం. వాడలో బతికేవాడికి తెలుసు, పోదని. ఇల్లు అద్దెకు అడిగితే పోదు. హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు దగ్గర పోదు. పెద్దకులం అమ్మాయిని ప్రేమిస్తే అసలే పోదు.

2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఈ గాయాన్ని మళ్లీ కెలికింది. కులం పేరుతో దూషించి కొట్టారని ఓ పాస్టరు పెట్టిన కేసులో, పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని కోర్టు తేల్చింది. ఎస్సీ సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన సరిపోదంది. ఆ వారం రెండు రాష్ట్రాల్లోనూ పాస్టర్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. బోర్డు తీసేద్దామా, పేరు ముందు పాస్టరు అన్న మాట తీసేద్దామా అని అడిగినవాళ్లున్నారు.

ఓ ఇంట్లో అక్కాతమ్ముళ్లను చూశాను. అక్క నర్సింగ్ చదివింది. విశ్వాసం దాచనంటే దాచనని, క్రైస్తవులైన ఎస్సీలకిచ్చే బీసీ-సీ సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఉద్యోగం కొద్ది మార్కుల్లో తప్పిపోయింది. తమ్ముడిది ఎస్సీ సర్టిఫికెట్. ఉద్యోగంలో ఉన్నాడు. ఇల్లు గడిచేది అతని జీతంతోనే. ఎవరు గొప్ప విశ్వాసి అని వాళ్లమ్మను అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె తనంతట తానే చెప్పింది, పెద్దది ఏడ్చిన రాత్రులు తనకు తెలుసనీ, చిన్నవాడు ఏడ్చిన రాత్రులూ తెలుసనీ.

నా అభిప్రాయం దాచుకోను. ఈ తమ్ముడిని అబద్ధాలకోరని అనే హక్కు ఎవరికీ లేదు. నిజం చెప్పినందుకు పౌరుడి నుంచి చదువునీ కొలువునీ లాక్కునే చట్టమే ముందు సమాధానం చెప్పాలి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. ఈ విషయాన్ని పరిశీలించడానికి కేంద్రం 2022లోనే మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. తీర్మానాలూ కమిషన్లూ తిరుగుతుండగానే ఓ తరం పిల్లలు రెండు పేర్లతో పెరిగి పెద్దవాళ్లయ్యారు.

> లెక్కల్లో
> - 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. 2001లో ఇది 1.55 శాతం.
> - ఆదివారం మందిరాల్లో కనపడే జనానికీ ఈ అంకెకూ పొంతన లేకపోవడానికి పెద్ద కారణం 1950 ఉత్తర్వు.
> - ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు, వాళ్ల సంతానానికి బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్. ఎస్సీలకు 15 శాతం.

చాప మీద ఒకటే, పెళ్లి దగ్గర వేరు

చట్టాన్ని అన్నాక సంఘాన్నీ అనాలి. ఆదివారం పత్రికల పెళ్లి ప్రకటనలు తీయండి. క్రైస్తవ వరుడు కావలెను అన్న మాట పక్కనే కులం పేరు. ఒకే ఊళ్లో మాలలకో మందిరం, మాదిగలకో మందిరం ఉన్నచోట్లు తక్కువేం కాదు. పెద్దకులాల నుంచి వచ్చిన క్రైస్తవులు ముందు బెంచీల్లో కూర్చునే గుళ్లున్నాయి. శ్మశానంలో గోడ కట్టుకున్న సంఘాలూ ఉన్నాయి. ఒకే రొట్టె విరుచుకుని, ఒకే గిన్నెలోది తాగి, బయటికొచ్చి చెప్పులేసుకునేసరికి ఎవరి కులం వాళ్లది. ఊరికి కనపడేది ఇది కూడా. ఇంత ఖరీదు చెల్లించి గెలుచుకున్న విశ్వాసం ఇక్కడికొచ్చి ఓడిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

దీన్ని బద్దలు కొట్టాలని చూసినవాళ్లూ ఉన్నారు. హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను మందిరం సువార్తికుడు భక్తసింగ్‌తో ముడిపడిన పేరు. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన ఆయన తెలుగునాట స్థిరపడి 2000 సెప్టెంబరులో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన కూటాల్లో కుర్చీలుండవు. డాక్టరైనా రిక్షావాడైనా చాప మీదే. ఆరాధన తరవాత ప్రేమవిందు. అందరికీ ఒకే వరుస, ఒకే అన్నం, ఒకే పప్పు. నేల మీద కూర్చుని పక్కవాడి విస్తరి మోకాలికి తగులుతుండగా తినడం అప్పట్లో చాలామందికి జీవితంలో మొదటిసారి. క్యాథలిక్ సంఘంలో చూస్తే, కర్నూలు జిల్లాలో పుట్టిన దళితుడు పూల ఆంథోనీ 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి కార్డినల్ అయిన మొదటి వ్యక్తి ఆయనే. గర్వపడాల్సిన రోజే. ఆ మార్పు పెళ్లి ప్రకటనల దాకా దిగిరావడానికి ఇంకా చాలా దూరం ఉంది.

ఫ్లెక్సీ పెరిగిన కాలం

కూడలిలో నిలబడితే స్వస్థత మహాసభల ఫ్లెక్సీలు కనపడతాయి. చేతులెత్తిన దైవసేవకుడి బొమ్మ నిలువెత్తున, క్రీస్తు పేరు ఓ మూలన. చెవులు పగిలే సౌండు బాక్సులు, యూట్యూబు లైవులు, కానుకలకు క్యూఆర్ కోడు. జనం ఎందుకు వెళ్తారో తెలుసు. కిడ్నీ రోగానికి అప్పు చేసి అలిసిపోయిన కుటుంబం ఎక్కడ ఆశ కనపడితే అక్కడికి వెళ్తుంది. వాళ్లను తప్పుపట్టలేం. మందులు మానెయ్యమని చెప్పే వేదిక మీది మనిషిని మాత్రం తప్పుపట్టాలి, గట్టిగా. రోజూ పిడికెడు తీసిపెట్టే ఇల్లాలి విశ్వాసానికి ఈ హోరు నీడై కమ్ముతోంది. బయటివాళ్లు క్రైస్తవం అంటే ఇదే అనుకుంటున్నారు.

> డిచ్‌పల్లి
> నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆసుపత్రి తెరిచింది మెథడిస్టు మిషన్ డాక్టరు ఇసబెల్ కెర్. ఊళ్లు వెళ్లగొట్టిన మనుషులు అక్కడికి చేరారు. దానికి పెద్ద మొత్తంలో విరాళం ఇచ్చినవాడు నర్సాగౌడ్ అనే హిందూ దాత. కెర్ 1932లో చనిపోయేదాకా అక్కడే పనిచేశారు.

శుక్రవారమే ఆదివారం

కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లకు ఆదివారం సెలవుండదు. అక్కడ శుక్రవారం సెలవు. కాబట్టి తెలుగు ఆరాధన శుక్రవారం. చర్చి ఆవరణలో ఒక హాలులో మలయాళం, పక్క హాలులో తమిళం, ఆ పక్క తెలుగు. గంటల లెక్కన హాలు. శుక్రవారం కూడా బయటికి పంపని ఇళ్లలో ఉన్నవాళ్లు వంటింట్లో ఫోను గోడకు ఆనించి, చప్పుడు తగ్గించి, అంట్లు తోముతూ పాట వింటారు. పంపిన జీతంలో దశమభాగం మాత్రం ఊళ్లో మందిరానికి తప్పకుండా చేరుతుంది. కొన్ని పల్లెల్లో మందిరం శ్లాబు ఆ డబ్బుతోనే పడింది.

వార్డులో శనివారం

గుంటూరులో మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ అడుగుపెట్టింది 1883లో. స్త్రీల కోసం ఆమె ఆసుపత్రి 1898లో మొదలైంది. ఆ రోజుల్లో పరాయి ఒంటిని, నెత్తురును ముట్టుకునే పని అంటే మంచి కుటుంబాల ఆడపిల్లలు చెయ్యకూడనిదని లెక్క. ఆ పనికి ముందుకొచ్చింది ఎక్కువగా క్రైస్తవ వాడల అమ్మాయిలే. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన చేతులే అందరి పుళ్లూ కడిగాయి. తెలుగునాట నర్సమ్మ అన్న పిలుపు వెనక ఈ చరిత్రంతా ఉంది.

దాని కొనసాగింపును కోస్తాలో ఓ జిల్లా కేంద్రం ప్రభుత్వాసుపత్రిలో చూశాను. ప్రతి శనివారం మధ్యాహ్నం ఓ సంఘం స్త్రీల మైత్రి సభ్యులు వస్తారు. అందరూ యాభై దాటినవాళ్లే. స్టీలు క్యారియర్లలో జావ, ఫ్లాస్కులో వేణ్నీళ్లు, పాత చీరలు చింపి కుట్టిన గుడ్డలు, కొబ్బరినూనె సీసా, దువ్వెన. అటెండెంట్లు లేని రోగులు ఏ మంచం మీదున్నారో స్టాఫ్ నర్సు చెబుతుంది.

తుంటి విరిగిన ముసలమ్మ మంచం దగ్గరికి ఒకావిడ వెళ్లింది. "ఏం పిన్నీ, ఇవాళైనా రెండు ముద్దలు తిన్నావా?" అంది. ముసలమ్మ జుట్టు పడుకుని పడుకుని ఉండకట్టుకుపోయింది. ఆవిడ అరచేతిలో నూనె పోసుకుని, ముందు మాడుకు పట్టించి, కొస నుంచి మొదలుపెట్టి ఒక్కో చిక్కూ వేళ్లతో విడదీసింది. దువ్వెన చివర్లోనే తీసింది. అరగంట పట్టింది. ముసలమ్మ ఆ అరగంటలో కొడుకుల గురించి, అమ్ముకున్న గేదె గురించి, తిరుపతి మొక్కు గురించి చెప్పింది. ఈవిడ ఊఁ కొడుతూ రెండు జడలు అల్లి రిబ్బను ముడేసింది. ముసలమ్మ నుదుటి బొట్టు చెరిగితే పక్క మంచం వాళ్లనడిగి కుంకుమ తెచ్చి పెట్టిందీ ఈవిడే.

ఒకప్పుడు వీళ్లు మంచం మంచం దగ్గరా చేతులు జోడించి ప్రార్థన చేసేవారు. ఓసారి ఎవరో ఫోనులో వీడియో తీశారు. మతం మారుస్తున్నారని గొడవైంది. ఆసుపత్రివాళ్లు కొన్నాళ్లు రావద్దన్నారు. మళ్లీ రానిచ్చాక వీళ్లే ఓ నియమం పెట్టుకున్నారు. రోగి నోరు తెరిచి అడిగితేనే ప్రార్థన. వార్డులోకి కరపత్రాలు తేకూడదు. బైబిల్ సంచులు గేటు బయట టీకొట్టులో పెట్టి రావాలి.

ఈ నియమం మీద వాళ్లలో వాళ్లకే పడదు. ఉన్నవాళ్లలో చిన్నావిడకు ఇది దాక్కోవడంలా అనిపిస్తుంది. పేరు చెప్పుకోలేని సేవ ఎందుకని ఆమె బాధ. పెద్దావిడ ఒప్పుకోదు. మంచం మీదున్న మనిషి లేచి వెళ్లిపోలేదు కాబట్టి, వద్దనలేని మనిషి దగ్గర మన మాట రుద్దకూడదంటుంది. నాకు పెద్దావిడ మాటే సబబుగా తోచింది. చిన్నావిడ బాధలో ఉన్న నిజాయతీ కూడా తీసిపారేసేది కాదు. వచ్చే నెల మైత్రి కూడికలో ఈ సంగతి మళ్లీ మాట్లాడుకుంటారట. జనగణనలో ఏం రాయించాలన్నదీ అదే కూడికలో చర్చకు వస్తుందట. శనివారం రావడం మీద మాత్రం ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. వచ్చే వారం జావ ఎవరు కాచాలో, గుడ్డలు ఎవరు ఉతకాలో టీకొట్టు దగ్గర సంచులు తీసుకుంటూనే పంచుకున్నారు.